మెట్ట దారి, చెక్క ట్రాక్: జాతీయ సైక్లింగ్ సమాఖ్య సింహావలోకనం

ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా మెట్ట పల్లెల్లో సైకిలంటే పాలక్యాన్లు, గడ్డిమోపులు, బడిసంచులు మోసే బండి. దాన్ని పందెపు బండిగా చూసిన సంస్థల చరిత్ర వేరే చోట మొదలైంది.

అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం 1900లో పారిస్‌లో ఏర్పడింది. 1938 సిడ్నీ ఎంపైర్ క్రీడల్లో భారత్ తరఫున తొక్కిన జానకీదాస్, తర్వాత హిందీ సినిమాల్లో నటుడిగా పేరు పొందారు. ఆయన, సోహ్రాబ్ భూత్ చొరవతో 1946లో జాతీయ సమాఖ్య పుట్టింది. రాష్ట్ర సంఘాలను కలుపుకోవడం, జాతీయ పోటీలు జరపడం, జట్టును ఎంపిక చేయడం దాని బాధ్యతలు.

తొలి ఊపు బాగానే ఉంది. 1948 లండన్, 1952 హెల్సింకి, 1964 టోక్యో ఒలింపిక్స్‌లో మనవాళ్లు పాల్గొన్నారు. ఆ తర్వాత ఆ తలుపు మూసుకుపోయింది. లూధియానాలో సైకిళ్లు లక్షల్లో తయారవుతున్నా అవి బరువులు మోసేవి. ట్రాక్ సైకిలుకు బ్రేకులుండవు, గేరు ఒక్కటే. దానికి వాలుగా కట్టిన వెలోడ్రోమ్ కావాలి.

2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీలో 250 మీటర్ల చెక్క ట్రాక్ వచ్చాకే మలుపు కనిపించింది. అండమాన్ నికోబార్ కుర్రాడు ఎసో ఆల్బెన్ 2018లో జూనియర్ ప్రపంచ పోటీల్లో కీరిన్ అనే ట్రాక్ పందెంలో రజతం గెలిచాడు. మరుసటి ఏడాది జూనియర్ టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణమే వచ్చింది. అయితే 2022లో స్లొవేనియా శిబిరం నుంచి ఒక మహిళా సైక్లిస్టు కోచ్ అనుచిత ప్రవర్తనపై ఫిర్యాదు చేయడం, అతని ఒప్పందం రద్దు కావడం మరో పాఠం చెప్పాయి: పతకాలతో పాటు ఆడపిల్లల భద్రతకూ సమాఖ్యే జవాబుదారీ.

తెలుగునేలకు దక్కిన వెలోడ్రోమ్ హైదరాబాద్ ఉస్మానియా ప్రాంగణంలో ఉంది. 2014 విభజనతో అది తెలంగాణకు వెళ్లింది. ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లు అందాయి. బండి ఉంది, తొక్కే కాళ్లున్నాయి. ఎంపిక చేసే కన్నే లేదు. మండల స్థాయి టైమ్ ట్రయల్‌కు కొలిచిన రోడ్డు, స్టాప్‌వాచ్, ట్రాఫిక్ ఆపే ఇద్దరు పోలీసులు చాలు. దీవుల్లోని పిల్లలకు ఢిల్లీ దారి దొరికినప్పుడు ఉదయగిరి పిల్లలకు దొరకకపోవడానికి దూరాన్ని సాకుగా చూపలేం. రాష్ట్ర, జిల్లా సంఘాలు ముందుగా చేయవలసిన పని ఇలాంటి టైమ్ ట్రయల్స్ జరపడమే.