నెహ్రూ నగర్ డాబాల కింద వేడి

భిలాయి ప్రాంతంలో ఇంటి కప్పు నుంచి దిగే ఎండను ఆపే పని కాలాన్ని బట్టి మూడు చోట్లకు మారింది. మొదట అది పెంకుల కింద జరిగేది. తర్వాత స్లాబు మీదికి ఎక్కింది, ఇప్పుడు స్లాబు అడుగుకు దిగింది.

ఉక్కు కర్మాగారం రాకముందు ఇక్కడివన్నీ ఛత్తీస్‌గఢీ పల్లెలు. మట్టి గోడలు, వెదురు వాసాలు, వాటి మీద కుమ్మరి చేసిన అర్ధ గొట్టం పెంకులు ఉండేవి. పెంకుల సందుల్లోంచి వేడి గాలి బయటికి పోయేది. వానలకు ముందు కప్పంతా విప్పి, పగిలిన పెంకులు మార్చి, మళ్లీ పేర్చేవారు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి వచ్చినవారికి ఇంకో పద్ధతి తెలుసు. 1931లో పూర్తయిన విజయనగరం-రాయపూర్ రైలు మార్గం వాళ్లకు దగ్గరి దారి. వాళ్ల సొంత పల్లెల పూరిళ్లలో దూలాల మీద వెదురు పరిచి, పైన మట్టి మెత్తి అటక కట్టేవారు. అసలు భయం ఎండ కాదు, నిప్పు. పైన పూరి అంటుకున్నా మంట గదిలోకి దిగకూడదు. ఊరగాయ జాడీలు, విత్తనాల కుండలు కూడా అక్కడికే చేరేవి. అయితే పూరిలో నిలిచిన గాలి, మట్టి పొర కలిసి మధ్యాహ్నపు వేడిని కూడా అడ్డుకునేవి. చలిదేశాల వాళ్లు అటకలో దూలాల మధ్య పీచు దిండ్లు పరిచేది ఇలా గాలిని కదలనివ్వకుండా పట్టి ఉంచడానికే.

1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, కర్మాగారంతో పాటు సెక్టార్ల పట్టణం లేచింది. ఆ సెక్టార్లకు బయట, గ్రేట్ ఈస్టర్న్ (జీఈ) రోడ్డు పక్కన సొంత ఇళ్ల పేటగా పెరిగింది నెహ్రూ నగర్. ఇక్కడి ఇల్లు డాబా. దానికి అటక లేదు. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రి గదిలోకి వేడి కక్కుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలైన చోట ఇది చిన్న ఇబ్బంది కాదు. అందుకే స్లాబు మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి కోబా వేయడం, పైన తెల్ల సున్నం కొట్టడం, సాయంత్రం నీళ్లు చల్లి అక్కడే పడుకోవడం అలవాటయ్యాయి. మిగతా భారం కూలర్ మోసింది. పొడి ఎండలో కూలర్ బాగానే పనిచేస్తుంది గనుక, కప్పు గురించి ఆలోచించే తొందర ఎవరికీ కలగలేదేమో.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఇనుము తీయగా మిగిలే కరిగిన చిట్టెం (స్లాగ్) మీదికి ఆవిరి ఊదితే అది పీచుమిఠాయిలా పోగులుగా విడిపోతుంది. ఈ ప్రయోగం 1840 నాటికే వేల్స్‌లో జరిగింది. భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పటి నుంచి ఊళ్లో చిట్టేనికి కొదవ లేదు. అది మాత్రం ఎక్కువగా సిమెంటు దారి పట్టింది. ఇంటి మీదికి పీచుగా కాక స్లాబుగా ఎక్కింది. కాంక్రీటుతో పోలిస్తే ఖనిజ పీచులోంచి వేడి దాదాపు నలభయ్యో వంతే సాగుతుంది. రెండంగుళాల పీచు ఆపేంత వేడిని ఆపాలంటే ఆరడుగులకు పైగా కాంక్రీటు కావాలి.

ఇలాంటి పీచు గ్లాస్‌వూల్, రాక్‌వూల్ రూపంలో ఇళ్లలోకి వచ్చింది ఫాల్స్ సీలింగ్‌తోనే. జిప్సం బోర్డు బిగించే ముందు ఫ్రేము మీద పీచును పరుస్తారు. ఎంపికలో మందం, సాంద్రత రెండూ చూడాలి. మందపు దిండును ఇరుకు సందులో కుక్కితే గాలి పోయి గుణం తగ్గుతుంది. ముక్కల మధ్య ఖాళీ వదిలినా వేడి అక్కడి నుంచే దిగుతుంది. వేడెక్కే లైట్ల చుట్టూ మాత్రం చోటు వదలాలి. పీచు గుచ్చుకుంటుంది కాబట్టి చేతికి తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పవు.

2018లో వచ్చిన ఇళ్ల ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత కప్పు గుండా సాగే వేడికి చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు 1.2 వాట్ల హద్దు పెట్టింది. ఉత్త స్లాబు ఆ హద్దులో ఉండదు. వానకు కారే స్లాబు కింద పీచు పరిచినా ఫలితం లేదు. తడిసిన పీచు వేడిని ఆపదు కనుక ముందు పైన కోబా బాగుచేయించి, ఒక వానాకాలం చూశాకే కింద పని మొదలుపెట్టడం మేలు.