మోకు: తాటిచెట్టు ఎక్కే సాధనం చరిత్ర

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో పొలంగట్ల మీదనో, చెరువు ఒడ్డుననో తాటిచెట్లు లేని ఊరు అరుదు. ఆ చెట్లను ప్రతిదినం ఎక్కి దిగే గీతకార్మికులను మన విద్యార్థులు చిన్ననాటి నుండి చూస్తూనే ఉంటారు. నిత్యం చూచే వస్తువును గూర్చి ప్రశ్న వేయుట మనకు అలవాటు లేదు. కొమ్మలు లేని నున్నని మానును, నిచ్చెన లేకుండా, మేకు కొట్టకుండా, ఒక త్రాటి సాయంతో మనిషి ఎట్లు ఎక్కగలుగుతున్నాడు? ఆ త్రాడు అతనిని ఎందువలన జారనీయదు? ఏ సమయంలో అది అతనిని కాపాడలేదు? ఈ మూడు ప్రశ్నలలో భౌతికశాస్త్రము, వృక్షశాస్త్రము, చరిత్ర కలసి ఉన్నవి.

గీతకార్మికుని సాధనాలు కొద్దిపాటివి. నడుము చుట్టూ, చెట్టు చుట్టూ కలిపి వేసుకొనే బలమైన త్రాడు మోకు. పాదాలు చెట్టును పట్టి ఉంచుటకు కాళ్ళకు తగిలించుకొనే చిన్న ఉచ్చు గుజి. కత్తులు మొదలైనవి అమర్చి నడుమునకు కట్టుకొనేది ముస్తాదు. కల్లు పట్టుటకు చెట్టు తలపై కట్టిన కుండ లొట్టి. తాటిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. రెండింటి పూగెలలనూ గీయవచ్చును. గెల చివరను పలుచగా కోసిన గాయం నుండి తీపిరసం కారును. ఆ గాయం కొన్ని గంటలలో ఆరి మూసుకొనిపోవును గనుక మరల మరల చెక్కవలెను. కావుననే కార్మికుడు ఉదయమొకసారి, సాయంత్రమొకసారి ప్రతి చెట్టునూ ఎక్కవలసి వచ్చుచున్నది.

మేకు ఎందుకు కొట్టరు?

రోజూ ఎక్కవలసిన చెట్టుకు శాశ్వతంగా మెట్లు బిగించరాదా అని ఎవరికైనా తోచును. దీనికి సమాధానం చెట్టు నిర్మాణంలోనే ఉన్నది. వేప, మామిడి వంటి ద్విదళబీజ వృక్షాలలో బెరడుకు లోపల విభాజ్యకణాల పొర ఒకటి ఉండును. అది ఏటేటా క్రొత్త కలపను పుట్టించి, మానుకు తగిలిన గాయాన్ని క్రమంగా కప్పివేయును. తాటి ఏకదళబీజ వృక్షము. దానిలో అట్టి పొర లేదు. నాళికాపుంజాలు మానంతటా చెదరి ఉండును. కావున తాటిమానులో చేసిన రంధ్రం ఎన్నటికీ పూడదు. నీరు నిలుచుటకు, శిలీంధ్రాలు, పురుగులు చొరబడుటకు అది ద్వారమగును. చెట్టును గాయపరచక దానిని పట్టుకొని, పని కాగానే విడిచిపెట్టే సాధనమే ఇక్కడ తగినది. మోకు సరిగా అట్టిదే.

బరువే బందోబస్తు

మోకు పనిచేసే తీరును గమనించండి. కార్మికుడు వెనుకకు వాలినప్పుడు అతని నడుము మోకును లాగును. మోకు చెట్టు వెనుకభాగాన్ని గట్టిగా ఒత్తును. అదే సమయంలో అతని పాదాలు చెట్టు ముందుభాగాన్ని అంతే బలంతో ఒత్తును. ఒత్తిడి ఉన్నచోట ఘర్షణ ఉండును. పాదాల దగ్గర ఘర్షణ, మోకు దగ్గర ఘర్షణ రెండూ పైముఖంగా పనిచేసి అతని బరువును మోయును.

ఇందులో ఒక విచిత్రమున్నది. బరువైన మనిషి క్రిందికి ఎక్కువ బలంతో లాగబడును. కాని మోకు ఒత్తిడి కూడా అదే నిష్పత్తిలో పెరుగును. కావున లెక్కలో బరువు కొట్టివేయబడును. మనిషి నిలుచునా, జారునా అన్నది అతని బరువుపై గాక, దూరాలపైనా, ఘర్షణ గుణకంపైనా ఆధారపడును. పాదాలకు, చెట్టు వెనుక మోకు ఆనే చోటుకు మధ్యగల నిలువు ఎత్తును తీసుకొనండి. శరీర గరిమనాభి చెట్టు ముందువైపు నుండి ఎంత దూరాన ఉన్నదో కొలిచి, దానికి రెట్టింపు చేసి, చెట్టు మందాన్ని కలపండి. మొదటి దానిని రెండవదానిచే భాగింపగా వచ్చే సంఖ్యకంటె ఘర్షణ గుణకం తక్కువ కానంతవరకు మనిషి జారడు. ఉదాహరణకు నిలువు ఎత్తు 70 సెంటీమీటర్లు, గరిమనాభి దూరం 50 సెంటీమీటర్లు, చెట్టు మందం 40 సెంటీమీటర్లు అనుకొందము. 70ని 140చే భాగింపగా 0.5 వచ్చును. పై తరగతుల విద్యార్థులు పాదాల చుట్టూ భ్రామకాలు తీసుకొని ఈ ఫలితాన్ని తామే రాబట్టవచ్చును.

దీని నుండి మొదటి చూపుకు తలక్రిందులుగా కనిపించే సత్యమొకటి తేలుచున్నది. చెట్టుకు దూరంగా వాలినకొద్దీ పట్టు పెరుగును. భయపడి చెట్టును కావలించుకొన్నకొద్దీ పట్టు తగ్గును. అదే లెక్కలో గరిమనాభి దూరం 20 సెంటీమీటర్లకు తగ్గిందనుకొనండి. 70ని 80చే భాగింపవలెను. అనగా ఘర్షణ గుణకం సుమారు 0.9 కావలెను. తడిసిన మానుపై అంత ఘర్షణ దొరకుట కష్టము. వానకాలంలో చెట్టెక్కుట ఎందుకు ప్రమాదమో, క్రొత్తగా నేర్చుకొనేవానికి ధైర్యంగా వెనుకకు వాలుట ఎందుకు ముఖ్యమో ఈ ఒక్క లెక్క చెప్పును.

లోపం ఎక్కడ?

ఇంత చక్కని సాధనంలో లోపమొకటి ఉన్నది. మోకు బిగిసి ఉన్నంతసేపు పైకి జరుగదు. దానిని పైకి జరుపుటకు కార్మికుడు ముందుకు వంగి, మోకును వదులు చేసి, ఒక్క విసురుతో పైకి ఎగురవేయవలెను. ఆ క్షణంలో మోకు ఒత్తిడి సున్న. పాదాలు, చేతులు మాత్రమే ఆధారము. మరల వెనుకకు వాలిన తరువాతనే రక్షణ తిరిగి వచ్చును.

ఇట్టి క్షణాలు ఎన్ని? చెట్టు 15 మీటర్ల ఎత్తు, ఒక్కొక్క విసురుకు అర మీటరు చొప్పున అనుకొంటే ఎక్కుటకు 30, దిగుటకు 30, మొత్తం 60. దినానికి 10 చెట్లను రెండేసి సార్లు ఎక్కితే 1,200. ఆ ఎత్తు నుండి పట్టు తప్పిన మనిషి 2 సెకన్లు గడవక ముందే నేలను తాకును. అప్పటి వేగం గంటకు సుమారు 62 కిలోమీటర్లు. మరణం తప్పినా వెన్నెముక విరిగి జీవితాంతం మంచాన పడినవారు గీతవృత్తి ఉన్న ప్రతి ప్రాంతంలోనూ ఉన్నారు. నేర్పు లేక పడినారని అనుట అన్యాయము. దినానికి వేయిసార్లు తప్పులేకుండా చేయవలసిన పనిలో ఒక్క తప్పుకు కూడా మన్నింపు లేకపోవుట సాధనం లోపమే గాని మనిషి లోపం కాదు.

రెండువేల ఏండ్ల సాక్ష్యం

ఈ పద్ధతి ఒక్క తెలుగుదేశానిదే కాదు. క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బ్రద్దలైనప్పుడు మరణించిన రోమను పండితుడు ప్లినీ తన ప్రకృతి చరిత్రలో ఖర్జూరపు చెట్లను వర్ణించినాడు. తూర్పుదేశాలవారు అల్లిన వలయాన్ని తమకూ చెట్టుకూ కలిపి తగిలించుకొని ఆశ్చర్యకరమైన వేగంతో ఎక్కుదురని అందులో వ్రాసినాడు. క్రీ. శ. 2వ శతాబ్దికి చెందిన గ్రీకు రచయిత లూషియన్ పేర నిలిచిన ‘సిరియా దేవత’ అను గ్రంథంలో మరింత వివరంగా ఉన్నది. హియరాపోలిస్ దేవాలయం ముందు ఎత్తైన స్తంభాన్ని ఏటికి రెండుసార్లు ఒక మనిషి ఎక్కెడివాడట. చిన్న గొలుసును తనకూ స్తంభానికీ చుట్టి, కాలివ్రేళ్ళు ఆనేటంతటి కొయ్యముక్కలపై అడుగుపెట్టుచు, గొలుసును రెండువైపులా పట్టి పైకి విసరుచు పోయెడివాడట. అరేబియాలోనో ఈజిప్టులోనో ఖర్జూరపు చెట్టు ఎక్కేవారిని చూచినవారికి తాను చెప్పేది అర్థమగునని రచయిత అన్నాడు. గొలుసుకు బదులు మోకును పెడితే అది నేటి సూర్యాపేట పొలంలోని దృశ్యమే.

రెండువేల ఏండ్లుగా మనిషి ఇంత మంచి సాధనాన్ని కాపాడుకొన్నాడు. మరి అంతకాలం దాని లోపం ఎందుకు తీరలేదు?

చెట్లకు నంబర్లు

సమాధానంలో కొంత భాగం పరిపాలన చరిత్రలో ఉన్నది. ఈ మూడు పట్టణాలు 1948 వరకు నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లాలోనివి. ఆబ్కారీ, అనగా మత్తుపానీయాలపై పన్ను, ఆ రాజ్యానికి పెద్ద ఆదాయమార్గాలలో ఒకటి. 1316 ఫసలీ నాటి హైదరాబాదు ఆబ్కారీ చట్టం గీతను క్రమబద్ధం చేసినది. గీతకు ఇచ్చిన చెట్లకు నంబర్లు వేసి, చెట్టుకింత అని పన్ను కట్టించుకొన్నారు.

కోదాడకు తూర్పున సరిహద్దు దాటితే పరిస్థితి వేరు. మద్రాసు ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధాన్ని మొదలుపెట్టి, 1948 నాటికి రాష్ట్రమంతటా అమలు చేసినది. కావున కొన్ని సంవత్సరాలపాటు ఒకే జాతి చెట్టును, ఒకే మోకుతో, సరిహద్దుకు ఈవల ఎక్కుట పన్ను కట్టవలసిన వృత్తి, ఆవల ఎక్కుట నేరము. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రంలో ప్రకాశం మంత్రివర్గం 1954 నవంబరులో మద్యనిషేధం సమస్యపైననే పడిపోయినది. 1956లో రెండు ప్రాంతాలు కలసిన తరువాత, 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చినది.

ఈ చట్టాల ప్రధాన చింత చెట్టు, రసము, ఆదాయము. మోకు ఎంత గట్టిదై ఉండవలెను, అరిగిన మోకును ఎప్పుడు మార్చవలెను, పట్టు తప్పితే ఏమి ఆపవలెను అన్న ప్రశ్నలు కార్మికునికే విడిచిపెట్టబడినవి. అతడు తన చేతనైనంత చేసినాడు. కాని సాధనాన్ని పరీక్షించుటకు ప్రయోగశాల, ప్రయోగంలో విఫలమైతే బ్రతికి బయటపడే అవకాశము అతనికి లేవు.

రెండవ పట్టు

లోపాన్ని సరిచేసే ఉపాయం సూత్రంలో సులభము. పట్టు ఒక్కటే ఉండరాదు, రెండు ఉండవలెను. ఒకటి వదులైనప్పుడు రెండవది బిగిసి ఉండవలెను.

కేరళలో కన్నూరు జిల్లాకు చెందిన ఎం. జె. జోసెఫ్ అను రైతు కొబ్బరిచెట్టు ఎక్కుటకు చేసిన యంత్రం ఈ సూత్రంపైననే నడచును. ఒక్కొక్క కాలికి ఒక్కొక్క మెట్టు. ప్రతి మెట్టుకూ చెట్టును చుట్టిన ఉక్కుత్రాటి ఉచ్చు. బరువు మోపిన మెట్టు ఉచ్చు బిగియును, ఎత్తిన మెట్టు ఉచ్చు సడలును. ఒక కాలు కదలునప్పుడు మరొక కాలి క్రింది ఉచ్చు చెట్టును పట్టి ఉండును. అయితే తాటి మొదలు మిక్కిలి లావు, పైకి పోయినకొద్దీ సన్నము. ఉక్కు ఉచ్చును మధ్యలో సవరించుకొనవలసి వచ్చును. దినానికి పలు చెట్లు ఎక్కేవారికి యంత్రం బరువు, దానిని తగిలించి విప్పే కాలము కూడా లెక్కకు వచ్చును.

మరొక దారి వేటగాండ్ర నుండి వచ్చినది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసినది. అనుమతిపై వేట సాగే అమెరికాలో చెట్టుపై కూర్చుండి పొంచి ఉండేవారు మరమేకుల మెట్లకు బదులు పట్టీతో బిగించే మెట్లను వాడుదురు. చెట్టు గాయపడకుండుట ఒక కారణము. లోహం లోహానికి తగిలి చప్పుడైతే జంతువు పారిపోవును గనుక మెట్లకు గుడ్డయో రబ్బరో చుట్టి చప్పుడు అణచుట వారి అలవాటు. ఇందులో మనకు పనికివచ్చేది నిశ్శబ్దం కాదు. చెట్టు పైనుండి వ్రేలాడే రెండవ త్రాటికి, దేహానికి తొడిగిన పట్టీలకు మధ్య వారు కట్టే జారుముడి మనకు పనికివచ్చును. 1931లో ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ ప్రచారంలోకి తెచ్చిన ముడి అది. చేతితో నెట్టితే జరుగును. బరువు పడితే త్రాటిని కరచి పట్టును. మోకు సూత్రమే ఇక్కడ ముడిగా మారినది.

2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం గీతకార్మికులకు రక్షణ సాధనాల పంపిణీని ప్రారంభించినది. వారు కొలిచే దైవం పేర దానికి ‘కాటమయ్య రక్షణ కవచం’ అని పేరు పెట్టినారు. త్రాళ్ళు, దేహానికి బిగించే పట్టీలు, క్లిప్పులు మొదలైనవి అందులో ఉన్నవి. పట్టు తప్పినవాడు నేలపై పడక చెట్టునే అంటిపెట్టుకొని ఉండుట దాని ఉద్దేశము. సాధనం ఇచ్చుటతో పని ముగియదు. వాడుక నేర్పవలెను, వేగం తగ్గుచున్నదా, వానలో ఎట్లు పనిచేయుచున్నది అన్న సంగతులు ఎక్కేవారినే అడిగి తెలుసుకొని, దానిని దిద్దవలెను.

తరగతిలో ఒక ప్రయోగం

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని ఒక కర్ర, ఒక దళసరి తీగతో చూపవచ్చును. తీగను కర్రకంటె కొంచెం వెడల్పైన చుట్టగా రెండుమూడు మెలికలు త్రిప్పి, చివరను చాపుగా బారెడు చేయివలె వదలవలెను. చుట్టను నిలువు కర్రకు తొడిగి, చేయిపై చిన్న తూనికరాయిని కర్రకు దగ్గరగా వ్రేలాడదీస్తే చుట్ట జారిపోవును. దూరంగా జరిపితే కరచి నిలుచును. ఇక రాయిని రెట్టింపు బరువుది చేసి చూడండి, జారదు. తరువాత కర్రను సబ్బునీటితో తడిపి చూడండి. నిలిచినది జారును.

ప్రయోగం పూర్తి అయిన తరువాత విద్యార్థులను తమ ఊరి గీతకార్మికుని వద్దకు పంపి, మోకును ఎంతకాలానికి మార్చుదురో, ఏ చెట్టుపై పట్టు తక్కువో, రక్షణ సాధనంలో ఏ మార్పు కోరుదురో అడిగి వ్రాసుకొని రమ్మనవలెను. ఆ తరగతిలోనే తండ్రియో తాతయో మోకు వేసుకొనే విద్యార్థి ఉండవచ్చును. ఆనాటికి అతడే తక్కినవారికి ఉపాధ్యాయుడు.