రక్తంలో రొమ్ము క్యాన్సర్ జాడ: కొలతకూ గుర్తింపుకూ నడుమ

ఒక్క రక్తపరీక్షతో రొమ్ము క్యాన్సర్‌ను తొలిదశలోనే పసిగట్టవచ్చునా? పాత తూర్పుగోదావరి జిల్లా ఈశాన్యపు అంచున ఉన్న తుని వంటి పట్టణంలో ఇది కేవలం శాస్త్రీయమైన ప్రశ్న కాదు. మామోగ్రఫీ ఉన్న చోటికి స్త్రీ స్వయంగా వెళ్ళాలి. రక్తనమూనా అయితే సీసాలో ప్రయాణిస్తుంది. ఆశకు మూలం ఆ సౌలభ్యమే. అయితే రక్తంలో ఒక పదార్థాన్ని కొలవడం వేరు, వ్యాధిని ముందుగా గుర్తించడం వేరు.

కొలతలో గోదావరి సీమకు స్వంత వారసత్వం ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. మాలిబ్డేట్ చర్యతో ఏర్పడే నీలిరంగు గాఢతే అందులో కొలమానం. మన వ్యాసాలు ఆయన ఔషధ పరిశోధనను స్మరించినంతగా ఈ నీలిరంగును స్మరించవు. ఆయన మరణించిన 1948లోనే ఫ్రాన్సులో మాండెల్, మెటే మానవ ప్లాస్మాలో న్యూక్లిక్ ఆమ్లాలను గుర్తించారు. ఆ పరిశీలన చాలాకాలం మరుగున పడింది. క్యాన్సర్ రోగుల సీరంలో డీఎన్ఏ అధికంగా ఉండవచ్చునని 1977లో తేలింది.

ఈలోగా పరిశోధకుల దృష్టి ప్రోటీన్లపై నిలిచింది. 1965లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ పెద్దప్రేగు క్యాన్సర్‌లో సీఈఏను కనుగొన్నారు. 1980లలో సీఏ 15-3 వచ్చింది. దీనిలోని రెండు ప్రతిదేహాలలో ఒకటి పాలలోని కొవ్వు గోళికల పొరకు, మరొకటి వ్యాపించిన రొమ్ము క్యాన్సర్ కణాల పొరకు ప్రతిగా తయారైనవి. రెండూ గుర్తించేది మ్యూక్1 అనే ప్రోటీన్‌నే. తొలిదశ కణితి దీనిని రక్తంలోకి తగినంతగా వదలదు. కాలేయవ్యాధిలోనూ దీని స్థాయి పెరగవచ్చు.

గణితమూ అనుకూలించదు. వెయ్యిమందిలో ఐదుగురికి వ్యాధి ఉందనుకుందాం. ఆరోగ్యవంతులలో నూటికి ఐదుగురికి ఫలితం తప్పుగా పాజిటివ్ వస్తే, దాదాపు 50 మంది అకారణంగా భయపడతారు. అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 1996 మార్గదర్శకాలు సీఏ 15-3ను ముందస్తు గుర్తింపునకు సిఫారసు చేయలేదు. వ్యాపించిన వ్యాధికి చికిత్స ఎలా పనిచేస్తోందో ఇతర పరీక్షలతో కలిపి గమనించడంలోనే దాని ప్రయోజనం.

కణాల కథ ఇంకా పాతది. 1869లో ఆస్ట్రేలియాలో ఆష్‌వర్త్ ఒక మృతుని రక్తంలో కణితి కణాలను చూశాడు. వాటిని లెక్కించే సెల్‌సెర్చ్‌కు 2004లో అమెరికా అనుమతి లభించింది. అదీ వ్యాపించిన రొమ్ము క్యాన్సర్‌కే. 7.5 మిల్లీలీటర్ల రక్తంలో ఐదు లేదా అంతకు మించిన కణాలుంటే ఫలితం ప్రతికూలమని భావిస్తారు. కణితి డీఎన్ఏ పరీక్షలకూ ఇదే చిక్కు: చిన్న కణితి వదిలేది అత్యల్పం.