దస్త్రాలకు ప్రజల ట్యాగులు

ఆర్కైవ్స్, గ్రంథాలయాలు, మ్యూజియాలు తమ దగ్గరున్న పాత ఫొటోలను, ఉత్తరాలను, రిజిస్టర్లను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టి, అందులో ఎవరున్నారో, ఎక్కడిదో, ఏం జరుగుతోందో తెలిపే గుర్తింపు మాటలు చేర్చమని సామాన్యులను పిలిచే పద్ధతి ఇది. ఆ గుర్తింపు మాటకే ట్యాగు అని పేరు. 21వ శతాబ్దపు తొలి పదేళ్లలో, ప్రధానంగా అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా సంస్థల్లో ఈ పద్ధతి రూపుదిద్దుకుంది.

కేటలాగులోని విషయ శీర్షిక వేరు, ట్యాగు వేరు. శీర్షిక రాసే ఉద్యోగి ముందే ఖాయం చేసిన పదాల పట్టికలోంచి మాట ఏరుకోవాలి. ఒకే విషయం మీదున్న పుస్తకాలన్నీ ఒకచోటికి చేరడానికి ఈ పట్టిక ఎంతో ఉపయోగం. కాకపోతే పట్టిక భాషకూ జనం భాషకూ పొత్తు కుదరదు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వంటల పుస్తకాలను 2010 దాకా ‘కుకరీ’ అనే శీర్షిక కిందే ఉంచింది; ఆ ఏడాది గానీ అది ‘కుకింగ్’ కాలేదు. ట్యాగుకు ఇలాంటి పట్టిక ఏదీ లేదు. చూసినవారికి తోచిన మాటే ట్యాగు.

ఈ అవసరం స్కానింగ్‌తో వచ్చింది. ఆర్కైవ్స్ సంప్రదాయంలో కాగితం కాగితానికీ వివరం రాయరు. ఒక పెట్టెకో, ఒక వరుసకో కలిపి ‘ఫలానా శాఖ ఉత్తర ప్రత్యుత్తరాలు’ అని ఒక పంక్తి రాస్తారు. పరిశోధకుడు పెట్టె తెప్పించుకుని బల్ల మీద పెట్టుకుని తిరగేసుకుంటాడు కాబట్టి అంతవరకు అది చాలింది. స్కాన్ అయ్యాక ప్రతి పుటా విడి బొమ్మ అయిపోయింది. వెతుకుడు పెట్టెలో పేరు కొడితే ఆ పేరు ఎక్కడో ఒకచోట టైపు చేసి ఉంటేనే బొమ్మ బయటికి వస్తుంది. స్కానర్ల వేగం పెరిగినంతగా వివరాలు రాసే ఉద్యోగుల సంఖ్య పెరగలేదు.

పూర్వరంగం

పెద్ద సంస్థలు ప్రజల శ్రమను అర్థించడం ఇంటర్నెట్ కంటే చాలా పాతది. లండన్‌లోని ఫిలలాజికల్ సొసైటీ 1857లో నిఘంటువుల్లోకి ఎక్కని ఇంగ్లీషు మాటలను సేకరించే పని చేపట్టింది. ఆ పనే పెరిగి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువయింది. 1879లో సంపాదకుడు జేమ్స్ మరే ఇంగ్లీషు చదివే వారందరికీ బహిరంగ విజ్ఞప్తి చేశాడు. పుస్తకం చదువుతూ మాటనూ, అది వచ్చిన వాక్యాన్నీ ఒక చీటీ మీద రాసి పంపమన్నాడు. లక్షల చీటీలు వచ్చి పడ్డాయి. ఆ తర్వాతి వందేళ్లలో స్థానిక చరిత్ర సంఘాలవారూ, వంశవృక్షాలు కూర్చేవారూ ఆర్కైవ్స్ పఠన మందిరాల్లో కూర్చుని చేతిరాత సూచికలు తయారుచేశారు.

కొత్త దారి 2003లో మొదలైంది. జాషువా షాక్టర్ డెలిషియస్ అనే సైటు పెట్టి, దాచుకున్న లింకులకు తోచిన ట్యాగు తగిలించుకునే వీలు కల్పించాడు. 2004 ఫిబ్రవరిలో వచ్చిన ఫ్లికర్ ఇదే వీలును ఫొటోలకు తెచ్చింది. జనం తమంతట తాము అల్లుకునే ఈ వర్గీకరణకు అదే ఏడాది థామస్ వాండర్ వాల్ ‘ఫోక్సానమీ’ అని పేరు పెట్టాడు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో లూయిస్ వాన్ ఆన్ ఇంకో తెలివైన ఉపాయం పన్నాడు. అతని ‘ఈఎస్‌పీ గేమ్’లో ఒకరికొకరు తెలియని ఇద్దరు ఆటగాళ్లకు ఒకే బొమ్మ కనబడుతుంది. ఇద్దరూ ఒకే మాట టైపు చేస్తే పాయింట్లు దక్కుతాయి. ఆ మాటే బొమ్మకు ట్యాగు. ఆడుతున్నామనుకున్నవాళ్లు పని చేసిపెట్టారు.

సంస్థల్లో ముందు అడుగేసినవి మ్యూజియాలు. 2005లో కొన్ని అమెరికన్ కళా మ్యూజియాలు కలిసి ‘స్టీవ్’ అనే పథకం పెట్టుకుని తమ కళాఖండాలకు ప్రజల చేత ట్యాగులు వేయించాయి. అలా వచ్చిన ట్యాగుల్లో 86 శాతం మ్యూజియంల సొంత వివరాల్లో ఎక్కడా లేని మాటలని తేలింది. ఉద్యోగి చిత్రకారుడి పేరు, శైలి, కాలం రాస్తే సందర్శకుడు గుర్రం, వాన, ఎర్ర చీర అని రాస్తాడన్నమాట. ఆర్కైవ్స్ విషయానికొస్తే, మొదటి ప్రపంచయుద్ధం చివర రష్యా ఉత్తర ప్రాంతానికి వెళ్లిన అమెరికన్ సైనికుల కాగితాలను మిషిగన్ విశ్వవిద్యాలయం 2006లో ‘పోలార్ బేర్ ఎక్స్‌పెడిషన్’ పేరుతో ఇంటర్నెట్‌లో పెట్టి, చూసినవారు వ్యాఖ్యలు రాసే చోటు ఇచ్చింది.

ఫ్లికర్ కామన్స్

ఈ చరిత్రలో అసలు మలుపు 2008 జనవరి 16. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ రోజు 3,115 ఫొటోలను తన సొంత సైటులో కాక, జనం అప్పటికే గుమిగూడిన ఫ్లికర్‌లో పెట్టింది. ఇందుకోసం ఫ్లికర్ తరఫున జార్జ్ ఓట్స్ అనే డిజైనర్ ‘ది కామన్స్’ అనే ప్రత్యేక విభాగాన్ని రూపొందించింది. హక్కుల చిక్కు తప్పించడానికి ‘కాపీరైటు ఆంక్షలు ఉన్నట్టు తెలియదు’ అనే కొత్త షరతు వాక్యం రాసుకున్నారు. ఆ వాక్యం తర్వాత డజన్ల కొద్దీ సంస్థలకు తలుపు తెరిచింది.

ఫొటోలు రెండు రకాలు. మొదటివి 1930ల చివర, 1940ల మొదట్లో అమెరికా ప్రభుత్వం తీయించిన రంగుల ఫొటోలు: పొలాలు, విమానాల ఫ్యాక్టరీలు, రివిట్లు కొట్టే ఆడవాళ్లు. రెండోవి బెయిన్ న్యూస్ సర్వీస్ వారివి. జార్జ్ గ్రాంథమ్ బెయిన్ 1898లో న్యూయార్క్‌లో నెలకొల్పిన ఈ సంస్థ పత్రికలకు వార్తా చిత్రాలు సరఫరా చేసేది. దాని గాజు నెగెటివులు దాదాపు 40,000 లైబ్రరీకి చేరాయి. ఒక బెయిన్ నెగెటివును దగ్గరగా చూస్తే సమస్య ఏమిటో అర్థమవుతుంది. గాజు పలక అంచున ఎవరో గుమస్తా చేత్తో రాసిన రెండు మాటలుంటాయి, ఒక ఇంటిపేరో, ఊరి పేరో. తరచు అందులో అక్షరం తప్పు. లైబ్రరీ కేటలాగులోకి ఎక్కినదీ ఆ రెండు మాటలే.

మొదటి 24 గంటల్లో ఈ ఫొటోలను 11 లక్షల సార్లు చూశారు. రెండు రోజులు తిరక్కుండానే 19,000 ట్యాగులు పడ్డాయి. అందులో విడి మాటలు 4,000 పైనే. ఆ తర్వాత లైబ్రరీ ప్రతి వారం 50 కొత్త ఫొటోలు చేరుస్తూ వచ్చింది. 2008 అక్టోబరులో ‘ఫర్ ది కామన్ గుడ్’ పేరుతో వెలువరించిన నివేదిక, ఈ రంగంలో ఇప్పటికీ చదవదగ్గ నిజాయితీ గల పత్రం, లెక్కలన్నీ బయటపెట్టింది. 2,518 మంది కలిసి 67,176 ట్యాగులు వేశారు. మొత్తం 4,615 ఫొటోల్లో కనీసం ఒక్క ట్యాగైనా పడనివి 67 మాత్రమే. 2,873 ఫొటోల మీద 7,166 వ్యాఖ్యలు వచ్చాయి. కుర్రచేష్టలు ముంచెత్తుతాయని మొదట్లో భయపడ్డారు గానీ, అసభ్యమని తీసేయాల్సి వచ్చినవి 25 కూడా లేవు.

ట్యాగుల్లో సగటు మనిషి చూపు కనిపిస్తుంది. ‘మొక్కజొన్న చేను’, ‘ట్రాక్టరు’ లాంటివి కంటికి కనిపించేవి. ఊరి పేరు, యంత్రం పేరు చెప్పగలిగినవి చూసినవారి సొంత తెలివి. ‘వావ్’, ‘బాగుంది’ లాంటివి వట్టి మెచ్చుకోలు. ఇతర భాషల మాటలూ పడ్డాయి. ఒక ఫొటోకు 75 ట్యాగులకు మించి ఫ్లికర్ ఒప్పుకోదు. జనానికి నచ్చిన ఫొటోలకు చోటు చాలక ఆ హద్దు కూడా తగిలింది. ట్యాగులోని ఖాళీలు తీసేసి మాటలన్నీ అతికించే ఫ్లికర్ అలవాటు వల్ల యుద్ధకాలపు ఫ్యాక్టరీ స్త్రీలకు మారుపేరైన ‘రోజీ ది రివెటర్’ కాస్తా ఒకే పొడుగు మాటయింది.

లైబ్రరీకి ఎక్కువ మేలు చేసినవి మాత్రం ట్యాగులు కావు, వ్యాఖ్యలు. ఔత్సాహికులు కొందరు బెయిన్ ఫొటో పట్టుకుని పాత న్యూయార్క్ టైమ్స్ సంచికలు వెతికి, ఆ మనిషి పూర్తి పేరు, సభ జరిగిన తేదీ, సందర్భం రుజువుతో సహా రాసేవారు. ఉద్యోగులు సరిచూసి, తొలి తొమ్మిది నెలల్లోనే 500కు పైగా కేటలాగు వివరాలను సవరించారు. ట్యాగులను కేటలాగులోకి తీసుకోలేదు. అవి ఫ్లికర్‌లోనే ఉండిపోయాయి.

2008 ఏప్రిల్‌లో సిడ్నీలోని పవర్‌హౌస్ మ్యూజియం, ఆ తర్వాత బ్రూక్లిన్ మ్యూజియం, స్మిత్‌సోనియన్ కామన్స్‌లో చేరాయి. అవే ఫొటోలను తన సొంత సైటులో అంతకుముందు ఏడాదంతా చూసినదాని కంటే కామన్స్‌లో మొదటి నాలుగు వారాల్లో చూసిందే ఎక్కువని పవర్‌హౌస్ ప్రకటించింది. బ్రూక్లిన్ మ్యూజియం అదే ఏడాది సొంత సైటులో ట్యాగుల ఆట పెట్టింది. తర్వాత పనికిరాని ట్యాగులను ఓటు వేసి ఏరివేసే మరో ఆటనూ జోడించింది. 2018లో ఫ్లికర్‌ను స్మగ్‌మగ్ సంస్థ కొన్నది. 2022లో కామన్స్‌ను నిలబెట్టడానికి ఫ్లికర్ ఫౌండేషన్ ఏర్పడింది.

ప్రభుత్వ దస్త్రాల్లోకి

అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ అధిపతి డేవిడ్ ఫెరీరో (పదవిలో 2009–2022) ‘సిటిజన్ ఆర్కైవిస్ట్’ అనే మాటకు ప్రచారం తెచ్చాడు. అంతకుముందు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో పనిచేసిన ఆయనకు పాఠకుల సత్తా తెలుసు. 2012 నాటికి నేషనల్ ఆర్కైవ్స్ తన దస్త్రాలకు ట్యాగులు వేయడం, చేతిరాతను టైపు చేయడం అందరికీ అందుబాటులోకి తెచ్చింది. కొన్నేళ్లుగా సాగుతున్న పనుల్లో పెద్దది అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికుల, వారి వితంతువుల పెన్షన్ దస్త్రాలది. అవన్నీ గొలుసుకట్టు రాత. నేటి అమెరికన్ పిల్లల్లో చాలామంది బడిలో ఆ రాత నేర్చుకోలేదు. అందుకే 2025 జనవరిలో గొలుసుకట్టు చదవగలవారు కావాలన్న పిలుపు పత్రికలకెక్కింది.

బ్రిటన్‌లో మొదటి ప్రపంచయుద్ధం శతాబ్ది సందర్భంగా, 2014 జనవరి 14న ‘ఆపరేషన్ వార్ డైరీ’ మొదలైంది. నేషనల్ ఆర్కైవ్స్, ఇంపీరియల్ వార్ మ్యూజియమ్స్, ప్రజల సాయంతో పరిశోధనలు నడిపే వెబ్ వేదిక జూనివర్స్ కలిసి దీన్ని నడిపాయి. పశ్చిమ రణరంగంలో ప్రతి దళం రోజూ రాయాల్సిన డైరీలు సుమారు 15 లక్షల పుటలు. సైన్యం అచ్చు వేసిచ్చిన ‘సీ.2118’ నంబరు ఫారం మీద చోటు, తేదీ, గంట, సంఘటనల సారాంశం అని గడులు. ఎవరో అధికారి కందకంలో కూర్చుని పెన్సిలుతో నింపినవి. ఫ్రెంచి ఊళ్ల పేర్లు వినబడ్డట్టుగా రాసేశారు. కార్యకర్త ముందుగా ఆ పుట డైరీయా, ఆజ్ఞా పత్రమా, ఖాళీ కాగితమా తేల్చాలి. డైరీ అయితే పుట మీద ఆయా మాటల పక్కనే ట్యాగు గుచ్చాలి: తేదీ, ఊరు, మనిషి పేరు, హోదా, దళం ఆ రోజు చేసిన పని, మృతులు, గాయపడ్డవారు. ఒకే పుటను పలువురు విడివిడిగా చూస్తారు. ఎక్కువమంది ఒప్పుకున్నదే నిలుస్తుంది. ఫ్లికర్‌లో లేని క్రమశిక్షణ ఇక్కడ ఉంది: మాట జనానిదే, గడి సంస్థది. చరిత్రకారుడు రిచర్డ్ గ్రేసన్ ఈ ట్యాగులతోనే సైనికుడి రోజువారీ బతుకుపై 2016లో పరిశోధన వ్యాసం రాశాడు.

నెదర్లాండ్స్‌లో ‘వైస్‌డా’ (2009) టీవీ దృశ్యాలకు, ‘వేలె హాండెన్’ (2011) ఆమ్‌స్టర్‌డామ్ నగర రిజిస్టర్లకు ఇదే పని చేశాయి. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం 2008 నుంచి పాత పత్రికల అక్షరదోషాలు దిద్దే వీలు కల్పించింది.

అభ్యంతరాలు

ఒకరు ఏకవచనం, ఇంకొకరు బహువచనం వాడితే ఒకే వస్తువు రెండుగా చీలుతుందనీ, కొద్దిమంది ఉత్సాహవంతులే ఎక్కువ ట్యాగులు వేస్తారనీ గ్రంథాలయ వృత్తిలోనివారు మొదటినుంచీ అంటున్నారు. రెండూ నిజమే. జీతం ఇవ్వాల్సిన పనిని ఉచితంగా చేయించుకుంటున్నారన్న విమర్శా ఉంది. ఈ మధ్య కంప్యూటర్లే ముఖాలను, చేతిరాతను గుర్తిస్తున్నాయి. వాటి తప్పులు దిద్దడానికి మళ్లీ మనుషులనే పిలుస్తున్నారు.

తెలుగులో

తెలుగు పాఠకులకు ఈ కథలోని మొదటి భాగం, అంటే స్కానింగ్, బాగా తెలుసు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి, వాన్ ఆన్ పనిచేసిన కార్నెగీ మెలన్‌లోనే ఉండి, పుస్తకాల స్కానింగ్‌కు ప్రేరకుడయ్యాడు. ఆ చొరవతో వచ్చిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. పేర్లు మాత్రం రోమన్ లిపిలో, రకరకాల స్పెల్లింగులతో ఉండేవి. ఉన్న పుస్తకం కూడా వెతికితే దొరికేది కాదు. తెలుగు వికీపీడియా కార్యకర్తలు 2013–14లో వాటికి తెలుగు లిపిలో సూచిక కట్టడం మొదలుపెట్టి ఈ లోటు కొంత తీర్చారు. హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలపు పర్షియన్ దస్త్రాలున్నాయి. అవి శికస్తా అనే, చదవడం కష్టమైన గొలుసుకట్టు రాతలో ఉన్నవి కాబట్టి ‘చూసినవారెవరైనా’ అన్న సూత్రం అక్కడ పనిచేయదు.

తెలుగు వికీసోర్సులో స్కాన్ చేసిన పుటలను అక్షరం అక్షరం టైపు చేసి దిద్దే పని ఏళ్లుగా సాగుతోంది. దిద్దని పుటకు ఎర్ర రంగు, ఒకరు దిద్దితే పసుపు. దాన్ని ఆకుపచ్చ చేయాలంటే దిద్దినవారు కాక ఇంకొకరు మళ్లీ మొదటినుంచి చదవాలి.