బ్యారన్స్ కట్ట

రెడ్‌మండ్‌లో నా వయసు తెలుగువాళ్లు నలుగురు కలిస్తే జీఆర్ఈ పరీక్షకు చదివిన బ్యారన్స్ పుస్తకం ప్రస్తావన వచ్చి తీరుతుంది. మైక్రోసాఫ్ట్ 1986లో ఈ ఊరికి మారింది. 1990 నాటి చట్టంతో హెచ్1బీ వీసా వచ్చింది. ఆ తర్వాత ఎం.ఎస్. చదివి ఇక్కడ ఉద్యోగాల్లో చేరిన మావాళ్లలో చాలామంది, అమెరికాలో పీజీ ప్రవేశానికి రాసే ఆ జీఆర్ఈ దాటి వచ్చినవాళ్లే. మన వలసల గురించి రాసేవాళ్లు వీసాల సంగతి రాస్తారు, డాలర్ల సంగతి రాస్తారు. ఆ పరీక్ష కోసం బ్యారన్స్ జాబితాలోని మూడున్నర వేల ఇంగ్లిషు మాటలు బట్టీపట్టిన చదువు సంగతి కూడా రాయాలి.

నా పుస్తకం కోఠిలో పాత పుస్తకాల దగ్గర కొన్నది. అప్పటికే ఒకరు పెన్సిలుతో, ఇంకొకరు ఎర్ర సిరాతో గీతలు గీసి ఉన్నారు. పాత శుభలేఖలు ముక్కలుగా కత్తిరించి, ఖాళీ వైపున మాట, కింద సన్నగా అర్థం రాసుకుని, కట్టగా రబ్బరు బ్యాండు వేసి బస్సులో తిరగేసేదాన్ని.

బట్టీ మనకు కొత్త కాదు. అమరకోశం వల్లె వేసిన ఇళ్లు మనవి. కాకపోతే అమరం చదివిన పిల్లవాడు ఆపైన కావ్యాల్లోకి వెళ్లేవాడు, నేర్చిన మాట అక్కడ శ్లోకంలో ఎదురయ్యేది. మాకు ఆ రెండో మెట్టు లేకుండా చేసింది పరీక్షే. అప్పటి జీఆర్ఈలో వ్యతిరేక పదాలు, పదాల జంటల మధ్య పోలికలు అడిగేవారు. వాటికి వాక్యంతో పనిలేదు. అందుకే పుస్తకంలో ఉదాహరణ వాక్యాలున్నా దాటేసేవాళ్లం. 2011 ఆగస్టులో ఆ రెండు రకాల ప్రశ్నలూ తీసేశారు.

అర్థం ఒక్కటే చాలదని, వాడుకా తెలియాలని సి.పి. బ్రౌన్ దొరకు తెలుసు. 1850లలో మద్రాసు వేపేరిలో అచ్చయిన ఆయన ఇంగ్లిషు–తెలుగు నిఘంటువు, ఇంగ్లిషు నుడికారాన్ని తెలుగులో వివరిస్తానని పేరులోనే చెప్పుకుంది.

నా కట్టలో 'మిటిగేట్'కి 'తీవ్రత తగ్గించు' అని ఉండేది. సరైన అర్థమే. వాడుక మాత్రం రెడ్‌మండ్‌లో తెలిసింది. సర్వర్లు పడిపోయిన రాత్రి కాల్‌లో మా మేనేజరు "మిటిగేట్ అయిందా, రిజాల్వ్ అయిందా?" అని అడిగేది. మొదటిదంటే జనానికి ఇబ్బంది ఆగింది: ట్రాఫిక్ వేరే డేటా సెంటరుకు మళ్లించారు, లేదా నిన్న చేసిన మార్పు వెనక్కి తీసేశారు. రెండోదంటే అసలు లోపమే పోయింది. ఒక్కోసారి ఈ రెంటి మధ్య వారం పని ఉంటుంది. కోర్టులో శిక్ష తగ్గించమని చూపే పరిస్థితులకూ ఇదే మాట వాడతారు. అక్కడా నేరం పోదు, శిక్ష బరువే తగ్గుతుంది. లాటిన్‌లో దీని మూలానికి 'మెత్తన' అని అర్థం. ఇంత తెలిశాక, ఇంగ్లిషు మాతృభాషైన వాళ్లు కూడా చేసే పొరపాటు, 'అడ్డుపడు' అనే అర్థంలో 'మిలిటేట్ ఎగైనెస్ట్' అనాల్సిన చోట 'మిటిగేట్ ఎగైనెస్ట్' అనడం, మన నోటికి రాదు.

అయినా ఆ శుభలేఖల కట్టంటే నాకు గౌరవమే. కాల్‌లో ఆ మాట చెవిన పడగానే గుర్తుపట్టానంటే దాని పుణ్యమే. ఇప్పుడు చాలా యూనివర్సిటీలు జీఆర్ఈ అడగడం లేదు. హైదరాబాదులో ఉన్న మా మేనల్లుడు ఆ పరీక్ష రాయడం లేదు. "మరి మాటలకి ఏం చదవమంటావత్తా?" అని అడిగాడు. సర్వర్లు ఎందుకు పడిపోయాయో కంపెనీలు బయటపెట్టే నివేదికలున్నాయి, రోజుకొకటి చదవమన్నాను.