ఎల్లారెడ్డిపేట మేస్త్రి పేరు ఎక్కడ కనబడాలె?

ఎల్లారెడ్డిపేటల ఇండ్లు కట్టే చిన్న కాంట్రాక్టరు ప్రచారం ఎక్కడ ఇయ్యాలె? దీని వెనుక కొంత చరిత్ర ఉంది.

ఒకప్పుడు ఊర్ల డప్పు చాటింపే దిక్కు. అది పొలిమేర దాటదు. 1989లో ఈనాడు జిల్లా టాబ్లాయిడ్లు తెచ్చింది, చిన్న వ్యాపారానికి కూడా పేపర్ల జాగ దొరికింది. కానీ అప్పటి కరీంనగర్ జిల్లాల 57 మండలాలు! మంథనిల పేపర్ చదివే మనిషి ఎల్లారెడ్డిపేట మేస్త్రిని పిలుస్తడా? దానికంటే సిరిసిల్ల–కామారెడ్డి రోడ్డు పొంటి గోడ మీద రాసిన నంబరే నయం.

అసలు మలుపు 2016. సెప్టెంబర్ 5న జియో వచ్చింది. అక్టోబర్ 11న 13 మండలాలతో రాజన్న సిరిసిల్ల జిల్లా అయింది. 2017 ఫిబ్రవరిలో వాట్సాప్‌ల ఫొటోలు, వీడియోల స్టేటస్ మొదలైంది. ఇది చిన్న ముచ్చట కాదు. మన దిక్కు చాలా ఇండ్లకు పైసలు దుబాయ్, మస్కట్ నుంచి వస్తయ్. పని ఎవలకు ఇయ్యాల్నో చెప్పేది అక్కడున్న అన్ననే. ఆయనకు మన గోడ కనబడదు, పేపర్ అందదు. స్లాబ్ పోసిన రోజు పెట్టిన వీడియో మాత్రం అందుతది.

అయితే ఒక మెలిక ఉంది: ఇద్దరి ఫోన్లల్ల నంబర్లు సేవ్ అయి ఉంటెనే స్టేటస్ కనబడతది. అందుకే నా లెక్కల పేపర్ ఆఖరుకు. గూగుల్ మ్యాప్స్‌ల పేరు ఎక్కించుడు ఉచితం, అది ఇయ్యాలనే చేయొచ్చు. అంతకంటే ముందు, పని నడుస్తున్న ఇంటి ముందట నంబర్ తోని ఒక బోర్డు పెట్టాలె. ఆ ఇంటికి వచ్చిపోయే చుట్టాలే నంబర్ దుబాయ్‌కి పంపుతరు.