హెచ్చరిక సంకేతాలు – పక్షుల అభ్యసనం: ఒక చారిత్రక పరిశీలన

మీరు గుంటూరు, ప్రకాశం జిల్లాల వారైతే, మిరప కోతల కాలంలో చేలగట్ల మీద నడిచే ఉంటారు. కల్లం నిండా ఎర్రటి కాయలు ఆరబోసి ఉంటాయి. గట్టు మీది జిల్లేడు చెట్టు చుట్టూ నారింజ రంగు సీతాకోకచిలుక ఒకటి నింపాదిగా తిరుగుతుంటుంది. దాని రెక్కల కొసలు నలుపు, ఆ నలుపులో తెల్లని మచ్చలు. మిరపపండు ఎరుపు పక్షిని పిలిచే రంగు. కారం పక్షుల నోటికి మంటగా తోచదు. అవి పండు తిని గింజలను దూరంగా వెదజల్లుతాయి. సీతాకోకచిలుక నారింజ రంగు మాత్రం పక్షిని దూరంగా ఉండమంటుంది. అంటే అర్థం రంగులోనే ఉందా, లేక పక్షి అనుభవంలో ఉందా? ఈ ప్రశ్నకు జవాబు ఎలా రూపుదిద్దుకున్నదో ఈ భాగంలో తెలుసుకుందాం.

1. ప్రశ్న పుట్టుక

కొన్ని గొంగళిపురుగులకు అంత కొట్టొచ్చే రంగులు ఎందుకున్నాయని 1867లో చార్లెస్ డార్విన్ ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్‌ను అడిగాడు. గొంగళిపురుగులు జతకట్టవు కాబట్టి, జోడీని ఆకర్షించడానికే ఆ రంగులు అనే వివరణ వాటికి వర్తించదు. అవి రుచికి చెడ్డవై ఉంటాయని, ఆ సంగతిని రంగు ముందుగానే పక్షికి తెలుపుతుందని వాలెస్ ఊహించాడు. జెన్నర్ వియర్ తన పంజరంలోని పక్షులకు రకరకాల గొంగళిపురుగులను వేసి చూశాడు. మెరిసే రంగులవాటిని పక్షులు వదిలేశాయని, ఆకుపచ్చ, గోధుమ రంగుల నున్నని పురుగులను తిన్నాయని 1869లో నివేదించాడు. 1890లో ఎడ్వర్డ్ పౌల్టన్ ఇటువంటి హెచ్చరిక రంగులకు శాస్త్రీయమైన పేరు పెట్టాడు.

2. కలకత్తా ప్రయోగాలు

ఈ చరిత్రలో మన దేశానికి ముఖ్యమైన స్థానం ఉంది. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన ఫ్రాంక్ ఫిన్, గుంపులుగా తిరిగే మట్టిరంగు పిట్టలకూ (ఉత్తరాదిలో వీటిని ఏడుగురు అన్నదమ్ములంటారు), మరికొన్ని పక్షులకూ సీతాకోకచిలుకలను అందించి పరిశీలించాడు. ఫలితాలను 1895–97 మధ్య ఏషియాటిక్ సొసైటీ ఆఫ్ బెంగాల్ పత్రికలో ప్రచురించాడు. మన గట్ల మీద కనిపించే జిల్లేడు సీతాకోకచిలుక కూడా ఆ పరీక్షలలో ఉంది. ఇటువంటి హెచ్చరిక రంగుల రకాలను చాలా పక్షులు మిగతావాటికన్నా తక్కువగా ఇష్టపడ్డాయని ఆయన గమనించాడు. అంతకన్నా విలువైనది ఆయన చేసిన మరో నిర్ధారణ: ప్రతి పక్షీ తన అనుభవాన్ని తానే విడిగా సంపాదించుకోవాలి, ఒకసారి నేర్చుకున్నదాన్ని అది బాగా గుర్తుంచుకుంటుంది.

3. కడుపు చెప్పిన పాఠం

జిల్లేడు పాలలో గుండెపై పనిచేసే విషపదార్థాలున్నాయి. ఆ ఆకులు తిని పెరిగే పురుగు వాటిని తన ఒంట్లో దాచుకోగలదు. 1960లలో అమెరికాలో లింకన్ బ్రోవర్ జిల్లేడు బంధువైన మొక్క మీద పెరిగిన సీతాకోకచిలుకలను నీలి జే పక్షులకు పెట్టాడు. తిన్న పక్షి కొద్దిసేపటికి వాంతి చేసుకుంది. ఆ తరువాత వాటిని చూపుతోనే తిరస్కరించింది. 1971లో విల్‌కాక్సన్ బృందం ఎలుకలకు, కౌజుపిట్టలకు నీలిరంగు కలిపిన పుల్లని నీళ్లు తాగించి, తరువాత వాటికి జబ్బు కలిగించింది. ఎలుకలు పులుపును మాత్రమే మానుకున్నాయి. కౌజుపిట్టలు నీలిరంగును అంతకన్నా గట్టిగా మానుకున్నాయి. పక్షికి కన్ను ఎంత ముఖ్యమో దీనివల్ల తెలుస్తుంది. దీనినే పరిహార అభ్యసనం అంటాం: సంకేతం, దాని వెంట చేదు ఫలితం, ఆపైన దూరంగా మెలగడం. కొన్ని పక్షులకు కొన్ని గుర్తులంటే పుట్టుకతోనే జంకు ఉంటుందని 1975లో సుసాన్ స్మిత్ చూపింది. అయితే ఎక్కువ సందర్భాలలో అనుభవమే గురువు.

4. మన చేలల్లో

ఇప్పుడు జొన్నచేను కాపలాను గుర్తుచేసుకోండి. దిష్టిబొమ్మకు పిట్టలు మొదట బెదురుతాయి. నాలుగు రోజులు గడిచాక దాని భుజం మీదే వాలుతాయి. సంకేతం ఉన్నా ఫలితం లేదు కాబట్టి అవి దానికి అలవాటుపడతాయి. మంచె మీది మనిషి విసిరే వడిసెల అలా కాదు. ఆ చప్పుడు వెంట రాయి వస్తుంది.

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. జిల్లేడు విషం పక్షిని వాంతి చేయించి వదిలేస్తే, బతికిన పక్షికి పాఠం మిగులుతుంది. ఫలితం మరణమే అయితే నేర్చుకోవడానికి పక్షే మిగలదు. పురుగుమందు చల్లిన చేనులో తిన్న పురుగు ఏ హెచ్చరిక రంగూ చూపదు. 1980లలో ఈ మైదానంలో పత్తిపై పురుగుమందుల వాడకం విపరీతంగా పెరిగింది. 1987–88లో పంట దెబ్బతిని, అప్పులపాలై, రైతులు ప్రాణాలు తీసుకున్నారు. తరువాతి సమగ్ర సస్యరక్షణ విధానంలో పత్తిచేలల్లో పక్షి స్థావరాలు పాతమని సలహా ఇవ్వడం మొదలైంది. వాటి మీద వాలే పసులపోలిగాడు, గోరింక శనగపచ్చ పురుగును ఏరి తింటాయి. ఆ పక్షి చేనులో బతికి ఉంటేనే రైతుకు ఆ సాయం అందుతుంది.

మనుషులకూ ఈ సూత్రం వర్తిస్తుంది. 1968 పురుగుమందుల చట్టం కింద 1971లో వచ్చిన నిబంధనల ప్రకారం డబ్బాలపై రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అత్యంత విషపూరితం. ఆ తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే ప్రమాదం లేనిదని కాదు, తక్కువ విషమని మాత్రమే. ఈ వరుసను ఎవరూ చెప్పకపోతే మందు కొట్టే కూలీకి ఆ గుర్తు వట్టి రంగే. పక్షిలా రుచి చూసి నేర్చుకునే అవకాశం మనిషికి లేదు. మనకు మాట ఉంది, చదువు ఉంది. ఒకరి అనుభవం మరొకరికి అందేది వాటి ద్వారానే.

సారాంశం

హెచ్చరిక రంగుకు తనంతట తానుగా అర్థం ఉండదు. దాని వెంట వచ్చే ఫలితం, ఆ ఫలితాన్ని తట్టుకుని బతికిన జ్ఞాపకం దానికి అర్థాన్నిస్తాయి. వాలెస్ ఊహకు ఫిన్ పరిశీలన, బ్రోవర్ ప్రయోగం బలం చేకూర్చాయి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. దిష్టిబొమ్మకు, వడిసెలకు పక్షుల ప్రతిస్పందనలో తేడా ఎందుకు వస్తుంది?
2. మీ ఇంట్లో లేదా ఊళ్లో ఉన్న పురుగుమందు డబ్బాపై రంగు గుర్తును దూరం నుంచి చూడండి. దాని అర్థాన్ని మందు చల్లే వారికి మీ మాటల్లో ఎలా చెబుతారో పది వాక్యాలలో రాయండి.